నీడ లేని కుందేలు

సంపాదకులకు,

వేసవి సెలవుల్లో పిల్లలకు ఉచితంగా సినిమా వేశారని వారం కిందట మీ నెల్లూరు పేజీలో ఫొటోతో వార్త వచ్చింది. వేదిక మీది పెద్దలందరి పేర్లూ హోదాలతో సహా అచ్చయ్యాయి, సినిమా పేరు తప్ప! పైగా 'కంప్యూటర్ గ్రాఫిక్స్ మాయకు చిన్నారుల కేరింతలు' అని శీర్షిక. అయ్యా, ఆ రోజు వేసింది నిజం మనుషుల పక్కన కార్టూన్ బొమ్మలు నటించే 1988 నాటి 'హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్'. అందులో కుందేలును గీసింది కంప్యూటర్ కాదు. యానిమేషన్ దర్శకుడు రిచర్డ్ విలియమ్స్ బృందం కాగితం మీద పెన్సిలుతో గీసింది.

సినిమా అంటే సెకనుకు 24 ఫ్రేములు. మామూలు కార్టూన్లలో ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపి, సెకనుకు 12 బొమ్మలతో లాగించేస్తారు. పక్కన నిజం మనిషి నిలబడి, కెమెరా కూడా కదులుతుంటే ఆ పప్పులుడకవు. మనిషి 24 సార్లు కదిలే చోట బొమ్మ 12 సార్లే కదిలితే నేల మీద కాలు నిలవక జారుతూ వణుకుతుంది. అందుకని సెకనుకు 24 బొమ్మలూ గీశారు. అంటే ఒక్క పాత్రకు నిమిషానికి 1,440. అవి కాక నీడలకు వేరే పొర, ఒంటి మీద పడే వెలుగుకు వేరే పొర. అన్నిటినీ, విడివిడి ఫిలిం పొరలను ఒకే ఫిలిం మీదికి ఫొటో తీసే ఆప్టికల్ ప్రింటర్‌లో ఒకదాని మీద ఒకటి ఎక్కించి కలపాలి.

అందులో వేలాడే దీపం తగిలి ఊగే సీను ఒకటుంది. దీపం ఊగినంతసేపూ హీరో వేషం వేసిన బాబ్ హాస్కిన్స్ మొహం మీదా, పక్కనున్న కుందేలు ఒంటి మీదా నీడ ఒకే లెక్కన అటూ ఇటూ జరుగుతుంది. దీపాన్ని కదలకుండా ఉంచినా కథకు లోటేమీ లేదు. అయినా ఊపారు, ఊపినందుకు ప్రతి ఫ్రేముకూ నీడ మార్చి గీశారు. అడగని చోట కూడా ఒళ్లొంచి పనిచేయడానికి డిస్నీ వాళ్లలో 'దీపాన్ని ఊపడం' అనేదే నానుడైంది.

ఆ నీడే మన హాల్లో కనపడలేదు. కిటికీలకు పరదాల్లేవు. 'భద్రత కోసం' పక్క ట్యూబ్‌లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. తెర మీద నలుపంటే ప్రొజెక్టర్ అక్కడ వెలుతురు వేయకపోవడమే. ఆ చోట ట్యూబ్‌లైటు పడితే నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది, లేత నీడలు అన్నిటికన్నా ముందు పోతాయి. కాళ్ల కింద నీడ పోయాక కుందేలు గాలికి అతికించిన స్టిక్కరు. ఆఫీసు పనికి కొన్న ప్రొజెక్టర్‌తో గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా బొమ్మ వేయాలన్న సరదా ఎవరిదో గానీ, వెడల్పు సగానికి తగ్గించి ఉంటే అదే దీపం నాలుగింతలు వెలిగేది. ప్రొజెక్టర్‌ను వెడల్పు సినిమాకు పనికిరాని పాత టీవీ కొలత 4:3 లోనే వదిలేశారు కాబట్టి పొట్టిగా దిట్టంగా ఉండే హాస్కిన్స్ తాటిచెట్టులా సాగిపోయాడు.

శబ్దం సంగతి మరీ ఘోరం. సంగీతం, చప్పుళ్లు చెవులు చిల్లులు పడేలా వచ్చాయి గానీ మాటలు రాలేదు. 'ఆడియో ఫైలు లోపం' అన్నారట. ఫైలుకేం రోగం? ఆరు ఛానెళ్లుగా విడివిడిగా వచ్చే 5.1 శబ్దంలో మాటలు ఎక్కువగా మధ్య ఛానెల్‌లో ఉంటాయి. కుడి ఎడమ స్పీకర్లకే వైరు తగిలించి ప్లేయర్‌ను 5.1 లోనే ఉంచితే ఆ మాటలు ఎక్కడికి పోవాలి? సెట్టింగులో 'స్టీరియో' అని మారిస్తే అర నిమిషం పని. ముందు రోజు పది నిమిషాలు వేసి చూసుకున్నవాడికి ఇది తెలిసేది. చూసుంటే అయిదేళ్ల పిల్లల్ని పిలిచేవారూ కాదు. విలన్ ఒక బొమ్మ బూటును టర్పెంటైన్, అసిటోన్, బెంజీన్ కలిపిన ద్రావకంలో ముంచి కరిగించేస్తాడు. మూడూ రంగును కరిగించి తుడిచేసే రసాయనాలే. పెద్దవాళ్లు ఆ చమత్కారానికి నవ్వుకుంటారు, పసివాళ్లు జడుసుకుంటారు. ఏడ్చారు కూడా. మీ వార్తలో అవీ కేరింతల లెక్కలోకే వెళ్లినట్టున్నాయి.

డిస్నీ వారి డొనాల్డ్, వార్నర్ వారి డాఫీ ఒకే వేదిక మీద పియానోలతో కొట్టుకునే సీను వస్తుంది. రెండు పోటీ కంపెనీల బాతులను అలా పక్కపక్కన చూసే అవకాశం మరెక్కడ దొరుకుతుంది? సరిగ్గా అక్కడ సినిమా ఆపి శాలువాలు కప్పారు. వెనక ఫ్లెక్సీ మాత్రం దివ్యంగా వెలిగిపోయింది, దానికి ఎవరూ పరదా అడగరు.

నెల్లూరు జిల్లా బిడ్డ రమణారెడ్డి చిన్నమయ్యగా నవ్వించిన 'మాయాబజార్'లో కెమెరామన్ మార్కస్ బార్ట్లే ట్రిక్కులను 1957 నుంచీ నోరారా పొగుడుతున్నాం. సూళ్లూరుపేటలో వందడుగులు దాటిన తెర వచ్చిందని ఛాతీ విరిచాం (జిల్లాల విభజనలో అది తిరుపతి జిల్లాకు వెళ్లిపోయింది, అది వేరే బాధ). పిల్లల సినిమా అనేసరికి మాత్రం ఏదైనా చాలు.

వచ్చే నెల 'మేరీ పాపిన్స్' వేస్తారని వినికిడి. అది 1964 నాటిది. ఒకప్పుడు మన జీటీ రోడ్డు మీద వెలిగిన పసుపుపచ్చ సోడియం దీపాల్లాంటివి నటుల వెనకున్న తెర మీదికి వేసి, ఆ ఒక్క రంగును కెమెరాలోని పట్టకంతో విడదీసి మనుషుల్ని బొమ్మల్లో కలిపారు. టోపీ మీది సన్నని వల అంచు కూడా చెదరలేదు. ఆ వల కనపడాలంటే కిటికీలకు నల్లగుడ్డ కట్టాలి, శాలువాలు సినిమా అయ్యాక కప్పాలి. మీరు సవరణ వేసేటట్టయితే దయచేసి సినిమా పేరు వేయండి. చోటు చాలకపోతే పెద్దల పేర్లు తీసేయండి.

ఇట్లు,
ఒక పాత చందాదారు,
మూలాపేట, నెల్లూరు