కెమెరా మార్చే ముందు: చిన్నాకి అమ్మ ఉత్తరం

చిన్నా,

నీ స్నేహితురాలి నాట్యం తీసి నువ్వు పంపిన 40 ఫోటోలూ చూశాను. ఫోన్లో కాదు, కంప్యూటర్లో పెద్దవి చేసుకుని ఒక్కొక్కటీ చూశాను. "ఈ కెమెరా చీకట్లో పనికిరాదమ్మా, మంచిది కొనుక్కోవాలి" అని రాశావు. స్టేజీ మీద ఆడింది నీ స్నేహితురాలు, మద్దెల ఓడన్నది మాత్రం నువ్వు! కోపం తెచ్చుకోకు. ఆ కెమెరాలో నాకు పెద్ద లోపమేమీ కనిపించలేదు. నీకేం కావాలో నువ్వు దానికి చెప్పలేదు, అంతే. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక కెమెరా ఎంత.

ఫోటో ఫైలు వివరాలు తెరిచి చూస్తే, ఏ సెట్టింగులతో తీశావో అన్నీ అందులోనే రాసి ఉంటాయి. నీవాటిలో దాదాపు అన్నింటికీ ఒకటే జాతకం. లెన్సు 55 ఎంఎం దగ్గర, ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/5.6, ఐఎస్ఓ (పడిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 400, షట్టర్ (వెలుతురుని కాసేపు లోపలికి వదిలే తలుపు) 1/20 సెకను. ఈ అంకెలు వింటే చాలు, నాట్యం చేసే మనిషి చేతులు పొగలా వచ్చి ఉంటాయని ఫోటో చూడకుండానే చెప్పొచ్చు.

1/20 సెకను అంటే మనకు రెప్పపాటుకన్నా తక్కువే. కానీ అంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది, ఆ మధ్యలో ఆమె చెయ్యి భుజం దగ్గర్నుంచి తల దాకా వెళ్ళిపోయింది. ఆ ప్రయాణమంతా, ఫిల్ముకి బదులు వెలుతురుని పట్టుకునే సెన్సర్ మీద ఒక గీతలా పడింది. ఇక్కడ ఒక సంగతి గమనించు. వెనకున్న తెర మడతలు స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే చెదిరిపోతే, తప్పు మనిషి కదలికది. తెర, మైకు, మనిషి అన్నీ ఒకే వైపుకి చెదిరితే, వణికింది నీ చెయ్యి. నీ ఫోటోల్లో రెండు రకాలూ ఉన్నాయి. లెన్సులో ఉండే స్టెబిలైజేషన్ చేతి వణుకుని ఆపుతుంది గానీ, ఎదుటివాళ్ళ నాట్యాన్ని ఆపలేదు కదా. చేతి వణుకుకి పాత లెక్క ఒకటుంది. లెన్సు ఎన్ని ఎంఎం దగ్గరుంటే షట్టర్ సెకనులో అన్నో వంతుకన్నా ఎక్కువసేపు తెరిచి ఉండకూడదు. నీ కెమెరాలో సెన్సర్ చిన్నది కాబట్టి 55ని ఒకటిన్నరతో హెచ్చవేసుకో, 80 పైచిలుకు వస్తుంది. అంటే షట్టర్ వేగం 1/80కి తగ్గకూడదు. నాట్యానికైతే 1/160 అయినా కావాలి, గెంతితే 1/500.

మరి కెమెరా 1/20 ఎందుకు ఎంచుకుంది? నువ్వు ఎ మోడ్‌లో పెట్టావు. ఎపర్చర్ నీ చేతిలో ఉంది, ఐఎస్ఓ 400 దగ్గర కట్టేశావు. ఇక దాని చేతిలో మిగిలింది షట్టర్ ఒక్కటే. వెలుతురు చాలక దాన్ని తెరిచి పట్టుకుంది పాపం. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎఫ్/16 పెట్టి, ఐఎస్ఓ 100 అయితే 1/100 సెకను దగ్గర తీస్తే ఫోటో సరిగ్గా వస్తుంది. వెలుతురు కొలిచే మీటర్ పనిచేయనప్పుడు నేను ఈ లెక్కతోనే తీసేదాన్ని. దాంతో నీ అంకెల్ని పోల్చి చూస్తే, ఆ స్టేజీ మీద వెలుతురు ఎండకంటే వంద రెట్లకు పైగా తక్కువ. నీకు మాత్రం లైట్లు ధగధగలాడినట్టే అనిపించి ఉంటుంది. మన కళ్ళు అలా సర్దుకుపోతాయి. కెమెరా సర్దుకోదు, వచ్చినంత వెలుతురునే లెక్కపెడుతుంది.

ఆ లెక్కలో ఒక్కో మెట్టుని స్టాప్ అంటారు. ఒక స్టాప్ పెరిగితే వెలుతురు రెట్టింపు, తగ్గితే సగం. 1/20 నుంచి 1/40కి వెళ్తే ఒక స్టాప్ వెలుతురు పోయింది. 1/80కి రెండు, 1/160కి మూడు. ఆ మూడింటినీ ఇంకెక్కడి నుంచైనా తెచ్చి పూడ్చాలి. ఎపర్చర్ ఇంక తెరుచుకోదు. నీ 18-55 లెన్సు 18 దగ్గర, వెడల్పుగా చూసేటప్పుడు 3.5 వరకూ తెరుచుకుంటుంది గానీ, చివరిదాకా జూమ్ చేస్తే 5.6 దాటదు. లెన్సు మీద ఆ రెండంకెలూ రాసి ఉండేది అందుకే. ఇక మిగిలింది ఐఎస్ఓ. 400, 800, 1600, 3200. మూడు మెట్లు. సరిపోయింది.

"3200 పెడితే గింజలు గింజలుగా వస్తుంది కదా" అంటావు, తెలుసు. వస్తుంది. ఐఎస్ఓ పెంచితే సెన్సర్ మీద పడే వెలుతురేమీ పెరగదు, పడిన కొద్దిపాటి సిగ్నల్‌నే కెమెరా పెద్దది చేస్తుంది. స్టేషను సరిగ్గా అందని రేడియోలో వాల్యూమ్ పెంచితే పాటతో పాటు గరగర కూడా పెరుగుతుంది చూడు, అలాంటిదే. కానీ ఆ గరగరని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు తగ్గించుకోవచ్చు. ప్రింట్ వేస్తే సగం కనిపించనే కనిపించదు. చెదిరిపోయిన ముఖాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. అందుకే ఐఎస్ఓ అంటే భయపడేవాళ్ళని చూస్తే నాకు కొంచెం చిరాకు. గింజలున్న ఫోటో ఫోటోయే. అలుక్కుపోయింది కాదు.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఫిల్మ్ రోజుల్లో ఈ ఐఎస్ఓనే ఏఎస్ఏ అనేవాళ్ళం. అది రోలుతో పాటే వచ్చేది, రోలు అయిపోయేదాకా మార్చడానికి లేదు. మీ పిన్ని డిగ్రీ పట్టా తీసుకున్న రోజు నేను 100 రోలు ఎక్కించాను. కెమెరా మీద డయల్ మాత్రం అంతకుముందు వాడిన 400 దగ్గరే ఉండిపోయింది. 36 ఫోటోలూ కావలసిన వెలుతురులో నాలుగో వంతుతో తీశాను. పట్టా, పిన్ని, స్టేజీ అన్నీ మసకే. మీ పిన్ని ఇప్పటికీ ఏ సందు దొరికినా ఆ మాట ఎత్తుతుంది. నువ్వు రాత్రి 3200 పెట్టి, మర్నాడు ఎండలో అలాగే తీసుకుంటూ పోయే ప్రమాదం కూడా అచ్చంగా ఇలాంటిదే. కెమెరా ఆన్ చేయగానే ముందు ఆ అంకె చూడు. లేదా ఆటో ఐఎస్ఓ పెట్టుకో. దానికి పైహద్దు 6400, షట్టర్ కనీసం 1/160 అని మెనూలో చెప్పుకునే వీలు చాలా కెమెరాల్లో ఉంటుంది. నీదాంట్లో ఉందేమో వెతుకు.

ఎపర్చర్ అంకె పెద్దదైతే రంధ్రం చిన్నదెందుకవుతుందని ఫోన్లో అడిగావు, అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. అది అంకె కాదు, భిన్నం. ఎఫ్/2 అంటే లెన్సు ఫోకల్ లెంగ్త్ (ఆ ఎంఎం అంకె)‌లో సగం వెడల్పున్న రంధ్రం. 50 ఎంఎం లెన్సుకి 25 ఎంఎం. ఎఫ్/4 అంటే ఆ 50లో పావు, ఎఫ్/8 అంటే అరపావు, ఎఫ్/16 అంటే వీసం. పావు కంటే అర పెద్దదని ఎవరూ చెప్పక్కర్లేదు కదా. 1.4, 2, 2.8, 4, 5.6, 8 అని ఆ వింత వరస కూడా అందుకే. రంధ్రం వెడల్పు సగమైతే దాని వైశాల్యం నాలుగో వంతవుతుంది. వెలుతురు సరిగ్గా సగం కావాలంటే అంకె సుమారు 1.4 రెట్లు పెరిగితే చాలు. రంధ్రం పెద్దదైన కొద్దీ వెనకున్నవి మసకబారతాయి, మనిషి విడిగా కనిపిస్తాడు. అదంటే నీకు పిచ్చి అని తెలుసు. కానీ ఎఫ్/1.8 లెన్సుతో దగ్గర్నుంచి తీస్తే కన్ను స్పష్టంగా వచ్చి, చెవి మసకైపోతుంది. ఇద్దరు పక్కపక్కన కాక ముందూ వెనకా నిలబడితే ఒకరు దక్కుతారు, ఒకరు పోతారు. నలుగురైదుగురిని తీసేటప్పుడు 5.6, 8 దగ్గర పెట్టుకో.

ఇప్పుడు అసలైన సంగతి. నీ ఫోటోల్లో ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, గమనించావా? వెనక నల్ల తెర. కెమెరా మీటర్‌కి మనిషెవరో తెరెవరో తెలియదు. లోకమంతా సగటున మధ్యరకం బూడిదరంగులో ఉంటుందని దాని నమ్మకం. ఫ్రేములో ముప్పాతిక వంతు నలుపుంటే "అయ్యో, చీకటిగా ఉంది" అనుకుని వెలుతురు పెంచేస్తుంది. తెర బూడిద రంగుకి వచ్చింది, ముఖం కాలిపోయింది. తెల్లగోడ ముందు మనిషిని నిలబెడితే ఇదే తిరగబడి, ముఖం నల్లగా వస్తుంది. దీనికి మందు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, ప్లస్ మైనస్ గుర్తున్న బటన్. నల్ల తెరకి మైనస్ 1, తెల్లగోడకి ప్లస్ 1 పెట్టి మొదలుపెట్టు, చూసుకుంటూ సర్దుకో. తమాషా ఏమిటంటే, ఆ రోజు మైనస్ 1 పెట్టి ఉంటే షట్టర్ దానంతటదే 1/40కి వచ్చేది. నీకు కావలసిన మూడు స్టాపుల్లో ఒకటి అక్కడే ఊరికే దొరికేది. ఐఎస్ఓ 3200 దాకా వెళ్ళే పనే లేదు, 1600 సరిపోయేది!

కాలిపోయిన తెలుపు గురించి మాత్రం జాగ్రత్త. నీడలో కొంత దాక్కుని ఉంటుంది, తర్వాత బయటికి లాగొచ్చు. పూర్తిగా తెల్లబడిన చోట లాగడానికి ఏమీ ఉండదు, అప్పుడింక ఆకులు పట్టుకుని ప్రయోజనం లేదు. ఫోటో తీశాక హిస్టోగ్రామ్ చూడు, అంటే ఎడమ నలుపు నుంచి కుడి తెలుపు దాకా ఏది ఎంతుందో గుట్టలా చూపే బొమ్మ. ఆ గుట్ట కుడిగోడకి అతుక్కుపోతే తెలుపు పోయినట్టే. స్క్రీన్ మీద బొమ్మని నమ్మకు. చీకటి హాల్లో అది ఎప్పుడూ వెలిగిపోతూనే కనిపిస్తుంది.

అన్నట్టు, ఒక 12 ఫోటోల్లో మైకు స్టాండు అద్భుతంగా వచ్చింది. దాని మీద గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. ఫోకస్ ఎక్కడ పెట్టాలో కెమెరాకే వదిలేస్తే అది తరచుగా దగ్గరున్న దాన్నే పట్టుకుంటుంది. ఒకే పాయింటు ఎంచుకుని ముఖం మీద పెట్టు. మనిషి కదులుతుంటే, వెంటాడుతూ సర్దుకునే కంటిన్యువస్ ఫోకస్ పెట్టు. కళ్ళని వెతికి పట్టుకునే సదుపాయం నీదాంట్లో ఉంటే ఇంకేం, వాడుకో. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

రా ఫైళ్ళు, అంటే సెన్సర్ పట్టుకున్నదాన్ని కెమెరా దిద్దకుండా దాచే ఫైళ్ళు, కూడా తీసుకోవడం మొదలుపెట్టు. కెమెరా మామూలుగా ఇచ్చే జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైల్లో 16,384. వెలుతురు కాస్త అటూ ఇటూ అయినా సర్దడానికి చోటుంటుంది, ముఖం పచ్చబడితే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా కనిపించేలా రంగుల్ని సర్దే సెట్టింగు) ఇంటికొచ్చాక తీరిగ్గా మార్చుకోవచ్చు. ఊదా లైటు ఒక్కటే పడ్డ ముఖాన్ని మాత్రం రా కూడా మామూలు చేయలేదు. లైటు రంగు మారేదాకా ఆగడమే.

మెగాపిక్సెళ్ళ గురించి దిగులు వద్దు. 1975లో కోడాక్‌లో స్టీవెన్ సాసన్ తయారుచేసిన మొట్టమొదటి డిజిటల్ కెమెరాలో ఉన్నవి 10,000 పిక్సెళ్ళు. ఒక్క నలుపు తెలుపు ఫోటో క్యాసెట్ మీదకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. నీ దగ్గరున్నవి 2 కోట్ల 40 లక్షలు.

ఇంకో మాట. అసలు ఫోటోగ్రాఫర్లు అన్నీ చేత్తో పెట్టుకునే ఎం మోడ్‌లోనే తీస్తారని ఎవరో చెప్పారన్నావు. నేను ఒప్పుకోను. వెలుతురు మారనిచోట, స్టూడియోలోనో రాత్రి ఆకాశం కిందో, ఎం బాగుంటుంది. మిగతా చోట్ల నేను ఎ మోడ్‌లోనే తీస్తాను, షట్టర్ మీద ఒక కన్నేసి ఉంచుతాను. ఎపర్చర్, షట్టర్ రెండూ నేనే తిప్పుకుంటూ కూర్చుంటే ఎదుటివాళ్ళ ముఖం ఎప్పుడు చూడను?

ఈ ఆదివారం ఒక పని చెయ్యి. గదిలో ఫ్యాను తిరుగుతుండగా, షట్టర్ మనమే ఎంచుకునే ఎస్ మోడ్‌లో 1/1000, 1/125, 1/15 దగ్గర మూడు ఫోటోలు తియ్యి. ఐఎస్ఓ ఆటోలో ఉంచు. రెక్కలు ఎక్కడ ఆగాయో, ఎక్కడ గాలైపోయాయో చూడు. తర్వాత కిటికీ పక్కన ఒక పుస్తకం నిలబెట్టి, ఎ మోడ్‌లో ఉన్నంతలో చిన్న అంకెతో ఒకటి, 11తో ఒకటి. అంతే, ఎక్కువ వద్దు. నాకు పంపు.

ఇప్పుడు 27వ ఫోటో. తీసేయకు! సెట్టింగులు అవే, 1/20యే. అయినా ముఖం కదల్లేదు, చేతులు మాత్రం కొద్దిగా చెదిరాయి. ఎందుకో తెలుసా? దరువు ముగిసే చోట ఆమె ఒక్క క్షణం నిలిచింది, నువ్వు అప్పుడే నొక్కావు. పైకెగిరిన మనిషి కూడా కిందికి దిగేముందు ఒక లిప్తసేపు గాల్లో ఆగుతాడు. అది యాదృచ్ఛికమో, నీ చెవి దరువుని పట్టుకుందో నాకు తెలియదు. రేపు మళ్ళీ రిహార్సల్ ఉందన్నావుగా, కాసేపు కెమెరా కింద పెట్టి పాట విను. ఎక్కడెక్కడ ఆగుతుందో చూసుకో.

కార్డు ఖాళీ చేసే ముందు ఆ 27వ దాని అసలు ఫైలు పంపించు. కుదించింది కాదు. నేను ప్రింట్ వేయిస్తాను.

ప్రేమతో,
అమ్మ