ముందు కమాను చెయ్యి

అమ్మడూ,

ఫిడేలు నేర్చుకుందామని విజయనగరం సంగీత కళాశాలలో చేరి వారం తిరక్కుండానే గమకాలు, అంటే స్వరాల ఊపులూ జారులూ, ఎప్పుడు పలుకుతాయని అడిగావు. తీగల మీద వేళ్లు పెట్టే ఎడమచెయ్యి సంగతి తర్వాత. ముందు తీగల మీద కమాను నడిపే కుడిచెయ్యి చూసుకో. ఎందుకో చెప్పాలంటే ఆ కాలేజీలోనే పాఠం చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి గురించి చెప్పాలి.

ఆయన 1893లో బెంగళూరులో పుట్టారు, విశాఖలో పెరిగారు. అన్నగారి దగ్గర ఫిడేలు పట్టారు. చూపు ఆనక బడిచదువు ఆగిపోయింది. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాలుగా ఉండగా విద్యార్థిగా చేరదామని వెళ్లిన ఆయన్ని ఆచార్యుడిగా తీసుకున్నారని చెబుతారు. 1936లో తానే ప్రిన్సిపాలయ్యారు. గాయకుల పక్కన పక్కవాద్యంగా ఉండే ఫిడేలుతో 1938లో వేలూరులో సోలో కచేరీ చేశారు. అప్పటికి నలభై దాటాయి. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ. ఈ వరసలో నేను నిన్ను చూడమనేది బిరుదుల్ని కాదు. మొదటి సోలో దాకా పట్టిన ఆ ఏళ్లని చూడు.

ఆయన రికార్డు ఏదైనా పెట్టుకుని పల్లవి రెండు ఆవృత్తాలు, అంటే తాళం రెండు చుట్లు, విను. స్వరాల జోలికి పోకు, కమాను ఎక్కడ వెనక్కి తిరుగుతోందో పట్టుకో. చాలాచోట్ల పట్టుకోలేవు. ఆ పెద్ద నాదమంతా కుడిచేతిలోంచే వచ్చింది.

నువ్వు చెయ్యాల్సింది ఇది. ఉదయం మొదటి అరగంట వేళ్లు పెట్టకు. మధ్య షడ్జం (స) తీగ మీద ఒక కమానుకి నాలుగు అక్షరాలు, అంటే తాళంలో నాలుగు లెక్కలు, వారం పోయాక ఎనిమిది, ఆ పైన పదహారు. కమాను తీగల్ని ఎత్తిపట్టే బ్రిడ్జికీ, వేళ్లు నొక్కే ఫింగర్‌బోర్డు చివరకీ నడుమ తిన్నగా నడవాలి. బ్రిడ్జి వైపు జారితే కీచుమంటుంది, ఫింగర్‌బోర్డు మీదకి పోతే గాలి పలుకుతుంది. కొస దగ్గరకి వచ్చేసరికి కమాను వంకరపోవడం అందరికీ ఉన్న తప్పే. అక్కడ మోచెయ్యి కొంచెం ముందుకి చాపితే సరిపోతుంది. తిప్పేటప్పుడు "టక్" మని వినిపిస్తే మణికట్టు బిగిసిందన్నమాట.

తర్వాత తొలి స్వరపాఠాలైన సరళీ వరసలు స్వరానికొక కమానుతో, ఆపైన రెండు, నాలుగు, ఎనిమిది స్వరాలు ఒకే కమానులో. కృతికి వచ్చేసరికి లెక్క మారుతుంది. అక్కడ కమాను సాహిత్యాన్ని బట్టి తిరగాలి. "రామ" అన్నప్పుడు "రా"కి ఒక కమాను, "మ"కి తిప్పుడు. "రా" సాగుతుండగా మధ్యలో తిప్పావనుకో, వినేవాళ్లకి "రా-అ" అని విరిగిపోతుంది. అందుకే ఏ కృతి అయినా ముందు నోటితో పాడు. పాడలేని సంగతిని, అంటే పాట వరసలో వేసే మార్పుని, వాయించకు.

కూర్చోవడం కూడా చూసుకో. ఫిడేలు తల కుడి పాదం మీద గట్టిగా ఆనాలి. అది జారుతుంటే ఎడమ బొటనవేలు ఫిడేలు మెడని పట్టుకుంటుంది, పట్టుకున్న చెయ్యి జారదు, జారని చేతిలో జారు గమకం పలకదు. నువ్వడిగిన గమకానికి జవాబు సగం పాదం దగ్గరే ఉంది. వేళ్లకి కొబ్బరినూనె రాసుకుంటే చుక్క చాలు. అది కమాను వెంట్రుకలకి అంటితే మాత్రం వాటికి రాసే రోజన్ (జిగురు బిళ్ల) పట్టదు, నాదం పోతుంది.

రోజన్ రోజుకి నాలుగైదు రాపిళ్లు. తెల్లటి పొడి రాలుతోందంటే ఎక్కువైనట్టే. వాయించడం అయ్యాక పొడి నూలుగుడ్డతో తీగలు తుడిచి కమాను మర వదులు చెయ్యి. బిగించి వదిలేస్తే కర్ర వంపు పోతుంది, అది తనంతట తాను మళ్లీ రాదు.

శ్రుతి విషయం. అయిదు శ్రుతిలో (పాశ్చాత్యుల జి) పాడే అమ్మాయికి సహకరిస్తే కింది రెండు తీగలు పాశ్చాత్యుల శ్రుతిలో ఉన్నట్టే ఉంటాయి, పైరెండూ ఒక్కో స్వరం దిగుతాయి. ఒకటి శ్రుతిలో (సి) పాడే అబ్బాయికయితే నాలుగూ బాగా దిగి వదులవుతాయి, నాదం మూగబోతుంది. అలాంటి కచేరీలు ఎక్కువైతే లావు తీగలు వేసుకోవాలి. తీగలు చుట్టిన బిరడాలు తిప్పేకొద్దీ బ్రిడ్జి తల ఫింగర్‌బోర్డు వైపు వాలుతుంది. రెండు చేతులతో నిలబెడుతూ ఉండు. నాలుగు తీగలూ ఒకేసారి విప్పకు, లోపల నిలబెట్టిన చిన్న కర్ర, సౌండ్‌పోస్ట్, పడిపోతుంది. వానాకాలం బిరడా బిగిస్తే కాస్త సబ్బు, ఎండల్లో జారితే సుద్దపొడి.

డబ్బు గురించి మీ అమ్మ బెంగపడుతోంది. మొదట పక్కవాద్యమే వస్తుంది, రానీ. ఆకాశవాణి ఆడిషన్‌కి ఇప్పుడే తొందరపడకు. బి గ్రేడు, బి-హై, ఎ, ఆపైన టాప్, ఒక్కో మెట్టుకీ ఏళ్లు పడతాయి. పక్కన కూర్చున్నప్పుడు గాయకుడి ఆలాపన పదినిమిషాలైతే నీది అయిదు దాటకూడదు. ఆయన వెళ్లిన దారినే వెళ్లి, ఆయన ఆగిన స్వరం దగ్గరే ఆగాలి. మంచి పక్కవాద్యమంటే నా లెక్కలో అదే.

బస్సులో పంపిన పొట్లంలో రోజన్ బిళ్ల రెండు గుడ్డల్లో చుట్టి పెట్టాను. కిందపడితే పెంకులాగా పగులుతుంది, జాగ్రత్త. పై పంచమం తీగలు త్వరగా తెగుతాయని అవి రెండు ఎక్కువ వేశాను.

నాన్న