చిన్న జట్టంటే వింత వార్తేనా?

సంపాదకులకు నమస్కారం.

శీతాకాల ఒలింపిక్స్ గురించి మీ క్రీడా పేజీలో వేసిన బాక్స్ ఐటమ్ చదివాను. యూరప్‌లోని బుల్లి దేశం లీచెన్‌స్టెయిన్ జనాభా 40 వేలకు అటూఇటూ అని, మన దగ్గర ఓ మోస్తరు పట్టణమంత కూడా లేదని రాసి అక్కడితో వదిలేశారు. బడి పిల్లలకు ఆటలు నేర్పినదాన్ని కాబట్టి బాధేసింది. వాళ్లు అంత దూరం ఎలా వచ్చారో చెప్పకపోతే పిల్లలు నేర్చుకునేది ఏముంటుంది?

1976 నుంచి 2018 దాకా ఆ దేశానికి శీతాకాల ఒలింపిక్స్‌లో 10 పతకాలొచ్చాయి. పదీ ఆల్పైన్ స్కీయింగ్‌లోనే, అంటే కాళ్లకు స్కీ పలకలు కట్టుకుని మంచు కొండవాలు మీద వేగంగా కిందికి జారే ఆటలోనే. ఇంటి ముందు ఆల్ప్స్ కొండలున్నాయి, చుట్టూ స్విట్జర్లాండ్, ఆస్ట్రియా ఉన్నాయి. ఆ ఒక్క ఆటనే గట్టిగా పట్టుకున్నారు. 1980లో అమెరికాలోని లేక్‌ప్లాసిడ్ క్రీడల్లో హానీ వెంజెల్ రెండు స్వర్ణాలు, ఒక రజతం గెలిస్తే, తమ్ముడు ఆండ్రియాస్ ఇంకో రజతం తెచ్చాడు.

హానీ కూతురు టీనా వైరాటర్ గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. మోకాలి గాయంతో ఆ అమ్మాయి 2010 వాంకూవర్ క్రీడలకు వెళ్లలేకపోయింది. 2014లో సోచీ ప్రారంభోత్సవంలో దేశం జెండా పట్టుకుని నడిచింది. ఆ తర్వాత ప్రాక్టీస్‌లో పడి కాలికి దెబ్బ తగిలి ఒక్క రేసులోనూ దిగలేదు. అప్పటికే తల్లి పేరు మోస్తున్న పిల్ల, ఎంత కుమిలిపోయి ఉంటుందో! అయినా మానలేదు. 2018 ప్యోంగ్‌చాంగ్ క్రీడల్లో సూపర్-జి అనే వేగపు స్కీ రేసులో రెండో స్థానంలో ఉండగా, 26వ నంబరుతో తన తర్వాత దిగిన చెక్ అమ్మాయి ఎస్తర్ లెడెక్కా అందర్నీ దాటేసింది. టీనాకు కాంస్యం దక్కింది. నాలుగో స్థానంలో ఉన్న స్విట్జర్లాండ్ అమ్మాయి లారా గుట్‌కూ టీనాకూ తేడా సెకనులో నూరో వంతు. స్కూల్ మీట్లలో స్టాప్‌వాచ్ పట్టుకున్నవాళ్లకు తెలుసు, బొటనవేలు నొక్కేలోపే అంతకంటే ఎక్కువ టైము పోతుంది.

పతకం రానివాళ్ల కథ కూడా కావాలి. లీచెన్‌స్టెయిన్ స్కీయరే మార్కో బ్యూకెల్ 1992 నుంచి 2010 దాకా వరుసగా ఆరు శీతాకాల ఒలింపిక్స్‌లో దిగాడు. పతకం లేదు. మన పిల్లల్లో ఎక్కువమంది దారి అతనిదే. జిల్లా స్థాయిలో ఐదో స్థానం వచ్చిందని ఆట మానేసిన ఆడపిల్లలు నాకు ఎంతోమంది తెలుసు. ఇంట్లోవాళ్లే మాన్పించిన వాళ్లూ ఉన్నారు.

శీతాకాల క్రీడలు జరిగే రోజుల్లో పతకాల పట్టిక పక్కన రోజుకో చిన్న జట్టు గురించి నాలుగు వాక్యాలైనా రాయండి. ఎక్కడ సాధన చేస్తారు, ఖర్చు ఎవరు పెడతారు, గాయమైతే ఎవరు చూస్తారు, ఆ రోజు ఎన్నో స్థానంలో వచ్చారు అన్నవి ఉంటే చాలు. మా వీధి గ్రౌండుకు వచ్చే పిల్లలు పేపర్లో ముందు తిప్పేది క్రీడా పేజీయే.

– విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయిని, తెనాలి