తొలితరం నర్సమ్మల జ్ఞాపకాలను నమోదు చేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మా ప్రాంతంలో దాదాపు ముప్పై ఐదేళ్లు ఏఎన్ఎంగా (పల్లెల్లో కాన్పులు, టీకాలు చూసే సహాయక నర్సుగా) పనిచేసిన ఒక వృద్ధురాలు, తొంభయ్యో ఏటికి చేరువలో, గత నెల కన్నుమూశారు. ఆమె గురించి జిల్లా పేజీలో వచ్చింది మూడు పంక్తుల వార్త మాత్రమే. విలేకరిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. రాసి ఉంచిన సమాచారం ఎక్కడా లేనప్పుడు ఆయన మాత్రం ఏం చేయగలరు?

వానమీద ఆధారపడి వేరుశనగ పండించే రాయలసీమ రైతు కుటుంబంలో ఆమె పెరిగారు. ఏడెనిమిది తరగతులు చదివిన ఆడపిల్లలను ఏఎన్ఎం శిక్షణకు తీసుకునే ఆ రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించి చేరారు. సేద్యం ఎరిగిన మనిషి కాబట్టి, కాయలు పీకే రోజుల్లో గర్భిణులను ఆరోగ్య ఉపకేంద్రానికి రమ్మంటే ఒక పూట కూలి పోతుందని ఆమెకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. తెల్లవారకముందే ఇళ్లకు వెళ్లేవారు, లేదా పొలం గట్టు మీదే సూదులు వేసేవారు.

తేదీలు గుర్తుపెట్టుకునే అలవాటు లేని ఆడవాళ్లకు పురుడు ఎప్పుడు వస్తుందో ఆమె పండుగలను బట్టి లెక్కకట్టిన తీరు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. చివరి బహిష్టు ఏరువాక పున్నమి (జ్యేష్ఠ పౌర్ణమి) నాటిదైతే ఉగాదికి అటూ ఇటూగా కాన్పు అనేవారు. చివరి బహిష్టు నుంచి కాన్పుకు పట్టే 280 రోజులంటే తొమ్మిదిన్నర చాంద్రమాన మాసాలు కనుక ఆ లెక్క సరిగ్గా సరిపోతుంది. నడుమ అధికమాసం వస్తే ఉగాదికి ఒక నెల ముందే కాన్పు అనేవారు. ఇది ఏ శిక్షణ పుస్తకంలోనైనా ఉందో లేదో గాని, మా ఊళ్లో చాలామంది పుట్టిన తేదీలు ఆమె రిజిస్టరు వల్లనే నిలిచాయి.

కొడవలితో బొడ్డు కోసి పేడో బూడిదో అద్దే ఇళ్లలో పసికందులు వారం తిరగకుండానే ధనుర్వాతంతో పోయేవారు. మంత్రసానులతో తగవు పెట్టుకుంటే తనను గడప తొక్కనివ్వరని తెలిసి, ఆమె వారి చేతికే కొత్త బ్లేడు, మరిగించిన దారం ఇచ్చి, గర్భిణులకు ధనుర్వాతం రాకుండా వేసే టీటీ సూదులు మాత్రం తాను వేసేవారు. నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన తొలి రాష్ట్రంగా 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గుర్తింపు వచ్చింది. దేశమంతటికీ ఆ గుర్తింపు 2015లో గాని రాలేదు. ఆ పన్నెండేళ్ల ముందడుగు వెనుక ఇటువంటి నర్సమ్మలు ఎందరో ఉన్నారు.

తాగే నీటి ద్వారా ఒంట్లో చేరే పురుగు వల్ల వచ్చే నారికురుపు (గినియా పురుగు వ్యాధి) సంగతీ అంతే. ఆ పురుగు ఒంట్లో చేరిన ఏడాదికి బయటపడి, తరచు పొలం పనుల వేళకే మనిషిని మంచాన పడేసేది. దిగుడుబావిలో కాళ్లు పెట్టవద్దని, తాగే నీటిని గుడ్డతో వడకట్టమని ఆమె ఇంటింటికీ తిరిగి చెప్పారు. దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో భారతదేశం ఈ వ్యాధి నుంచి విముక్తమైనట్టు ధ్రువీకరించారు. నేటి పిల్లలకు ఆ పేరు కూడా తెలియదు.

అన్నీ మెచ్చుకోదగినవే అని నేను అనను. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు లక్ష్యాలు పెట్టిన కాలంలో ఆమెను చూసి తలుపులు వేసుకున్న ఇళ్లు ఉన్నాయి. 1996లో ఆ లక్ష్యాల పద్ధతిని ఎత్తివేసే నాటికి ఆమె పదవీ విరమణ చేశారు. ఆ సంవత్సరాల గురించి అడిగితే ఆమె మాట దాటవేసేవారు. ఆ తరం ఏఎన్ఎంల చేత ఎవరైనా ఓపికగా చెప్పించి రాసుకోవలసిన విషయం, నా దృష్టిలో, అన్నిటికంటే ఇదే.

ఆ తరంలో ఇంకా మిగిలినవారు ఇప్పుడు ఎనభై దాటిన వయసులో ఉన్నారు. మీ పత్రిక జిల్లా అనుబంధాల్లో వారానికొకరి జ్ఞాపకాలను వారి మాటల్లోనే ప్రచురించాలని కోరుతున్నాను. అలాగే ఉపకేంద్రాల భవనాలు మారుతున్నప్పుడు పాత ప్రసవాల రిజిస్టర్లు, కుటుంబ నియంత్రణ కోసం రాసిన అర్హులైన దంపతుల రిజిస్టర్లు తూకానికి వెళ్లకుండా, వ్యక్తుల వివరాల గోప్యతను కాపాడుతూ, జిల్లా స్థాయిలో భద్రపరచాలని వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అనంతపురం జిల్లా