పెద్ద కొత్తపల్లికి చిన్న కొత్తపల్లి వ్రాయునది

బారి, ఇటలీ, ఆదివారం రాత్రి

ఒరేయ్ పెద్ద కొత్తపల్లీ,

తిట్టు, ఎంత తిట్టినా పడతాను. మూడు నెలల నుంచి నీ మెయిలు తెరవడం, "రేపు తీరిగ్గా రాద్దాంలే" అనుకోవడం, మూసేయడం. పెళ్లిచూపులు ఏమయ్యాయి? సామర్లకోట సంబంధమేనా, లేక మీ అత్తయ్య మళ్లీ జాతకాలంటూ కూర్చుందా? అన్నీ రాయి. నా సంగతులు ఒక్క ముక్కలో చెప్పేస్తా. రెండు పరీక్షలు గట్టెక్కాయి, ఒకటి మిగిలింది. పిజ్జా షాపులో వారానికి నాలుగు రాత్రులు. అమ్మ పంపిన ఆవకాయ సీసా దారిలో పగిలింది, నా స్వెటర్లన్నీ ఇప్పుడు మన వంటింటి వాసన కొడుతున్నాయి. అంతే.

వాట్సాప్‌లో చెప్పొచ్చు కదా అంటావు. వాయిస్ మెసేజ్ పెడితే పాతిక నిమిషాలవుతుంది, నువ్వు డబుల్ స్పీడులో విని "హహ" అని కొడతావు. ఇది మధ్యాహ్నం జరిగింది, నాకింకా చెవులు కాలుతూనే ఉన్నాయి.

మా ఇంటి ఓనరు అల్బేనియా ఆయన. కింద ఉత్తరాల డబ్బా మీద ఇత్తడి రేకు, దాని మీద ఆయన ఇంటిపేరు: హెచ్, ఓ, ఎక్స్, హెచ్, ఏ. ఇక్కడివాళ్లు హెచ్ పలకరు కాబట్టి వీధంతా ఆయన్ని "ఓక్సా" అంటుంది. నేనూ ఆర్నెల్లు "సిన్యోర్ ఓక్సా" అనే పిలిచాను. ఆయనా పలికాడు, పాపం.

పోయిన వారం లైబ్రరీలో అల్బేనియా మీద ఏదో పుస్తకం తిరగేస్తుంటే అవే అయిదు అక్షరాలు కనిపించాయి. వాళ్ల భాషలో ఎక్స్, హెచ్ కలిస్తే "జ" అట. అంటే అది ఓక్సా కాదు, హోజా! ఎన్వర్ హోజా! 1944 నుంచి 1985లో చచ్చిపోయేదాకా అల్బేనియాని గుప్పిట్లో పెట్టుకున్న కమ్యూనిస్టు నియంత. యుగోస్లావియాతో 1948లో తెగతెంపులు, రష్యాతో 1961లో, చివరికి చైనాతో 1978లో. మన హాస్టల్లో ఎవరితోనూ పడక ఒక్కడే సింగిల్ రూము తీసుకున్న ఆ మహానుభావుడు గుర్తొచ్చాడా? ఈ హోజా ఊరుకోకుండా దేశం నిండా లక్షా డెబ్భై వేలకు పైగా సిమెంటు బంకర్లు కూడా కట్టించాడంటారు. అప్పటి జనాభా చూస్తే దాదాపు ముప్పై లక్షలు.

ఇక నా బుర్ర ఆగలేదు. నా రూముకి అద్దె పుచ్చుకునేది నియంతగారి మనవడేమో! వారమంతా ఆయన ముక్కు చూడటం, పుస్తకంలో ఫోటోలోని ముక్కు చూడటం. పోలిక ఉన్నట్టే అనిపించింది. నాకు కావాలనుకుంటే ఎవరి ముక్కైనా ఎవరికైనా అతుకుతుందని నీకు తెలుసు కదా.

ఈరోజు భోజనానికి పిలిచారు. ఆంటీ బ్యూరెక్ చేసింది. కాగితంలాంటి పిండి పొరల మధ్య పాలకూర, ఉప్పటి చీజ్ పెట్టి పెద్ద గుండ్రటి పళ్లెంలో కాల్చేది. ఆయన దాన్ని ముక్కలు కోస్తున్నాడు. నేను నా వచ్చీరాని ఇటాలియన్‌లో అడిగేశాను: "ఎన్వర్ హోజాకి మీకు చుట్టరికమా?"

కత్తి ఆగింది. ఆయన తల పైకీ కిందికీ ఊపాడు.

నేనేం చేశాననుకున్నావు? "అబ్బో! నిజంగానా! తాతగారా?" అన్నాన్రా. తాతగారా అన్నాను! కుర్చీ ముందుకు జరుపుకుని మరీ!

ఆయన ఇంకా గట్టిగా ఊపాడు. నేను ఇంకా పెద్దగా నవ్వాను. ఆంటీ గరిటె కింద పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పుడు ఆయన నాలుకతో "త్చ్" అని, ఒక్క మాట అన్నాడు: "కాదు."

అల్బేనియాలో తల పైకీ కిందికీ ఊపితే కాదని, పక్కలకి ఊపితే అవునని. ఇన్నేళ్లు ఇటలీలో ఉండి ఇక్కడి పద్ధతి ఎప్పుడో అలవాటు చేసుకున్న మనిషి. ఆ ప్రశ్నకి మాత్రం తల వాళ్ల ఊరి పద్ధతిలోనే కదిలింది. నేను ప్రిన్సిపాల్ గారి అల్లుణ్ణి క్యాంటీన్ కుర్రాడనుకుని రెండు టీలు చెప్పిన రోజు గుర్తుందా? అది దీని ముందు దిగదుడుపు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఆయన బ్యూరెక్ ముక్క నా ప్లేట్లో వేసి, "ఈ ప్రశ్న నన్నడిగిన రెండో పరదేశివి నువ్వు. మొదటివాడు ఈ ఊరి పోలీసే" అన్నాడు.

1991 ఆగస్టు. క్యూబా నుంచి పంచదార తెచ్చిన 'వ్లోరా' అనే ఓడ అల్బేనియాలోని దుర్రెస్ రేవులో ఉంటే జనం ఎక్కేశారు. ఒకరూ ఇద్దరూ కాదు, దాదాపు 20,000 మంది. తాళ్లు పట్టుకుని, స్తంభాలకి వేలాడుతూ. ఆయనకి అప్పుడు పంతొమ్మిదేళ్లు. 8వ తేదీన బారి చేరితే అందరినీ పాత ఫుట్‌బాల్ స్టేడియంలో పెట్టారు. మొన్న నేను నీకు ఫోటో పంపానే, "ఇక్కడ జాగింగ్ చేస్తున్నా" అని, అదే స్టేడియం. అక్కడ పేర్లు రాసుకుంటున్న పోలీసు ఈయన ఇంటిపేరు వినగానే తలెత్తి, "చుట్టమా?" అన్నాడట. ఆకలి, ఎండ, రెండు రోజులుగా నిద్ర లేదు, చేతులు పంచదారకి జిగటగా ఉన్నాయి. ఈయన కాదని తల ఊపాడు, పైకీ కిందికీ. ఆ పోలీసు కూడా నాలాగే అవునని రాసుకున్నాడు! చాలామందిని వెనక్కి పంపేశారు, ఈయన్నీ పంపేశారు. అక్కడ 1997లో పొదుపు స్కీములన్నీ బోర్డు తిప్పేసి దేశం తలకిందులైనప్పుడు మళ్లీ వచ్చాడు.

ఇంత చెప్పి ఆగాడు. నేను ప్లేటు వైపే చూస్తున్నా. అప్పుడు మెల్లగా, "మా బాబాయి స్పాచ్‌లో ఎనిమిదేళ్లు ఉన్నాడు" అన్నాడు. స్పాచ్ అంటే ఉత్తరాన కొండల్లో రాగి గని, రాజకీయ ఖైదీల చేత తవ్వించేవాళ్లు. రొట్టెల క్యూలో ఏదో అన్నాడని పట్టుకెళ్లారట. "హోజా రాజ్యంలో జైలుకెళ్లిన హోజా. ఏం చుట్టరికం?"

ఒరేయ్, నాకు అప్పుడు...

సరే, ముందుకెళ్తా. ఆంటీ కాఫీ తెచ్చింది, చిన్న ఇత్తడి గిన్నెలో పొడి, పంచదార కలిపి కాచేది. అది తాగాక ఆయన మూడ్ మారింది. హోజా అంటే ముల్లా, పంతులు అని అర్థమట. ఊరికో హోజా ఉండేవాడు కాబట్టి ఊరికో హోజా కుటుంబం ఉంది. మన దగ్గర కరణాలూ పూజారులూ లేరూ, అలా. "రెడ్డి అన్న ప్రతివాడూ ముఖ్యమంత్రి చుట్టమా?" అని నేను నన్నే అడుక్కున్నా. వేళ్ల మీద లెక్కపెట్టాడు. అప్పటి యుగోస్లావియాలోని కొసోవోలో జాకోవా ఊరివాడు ఫాదిల్ హోజా, రెండో ప్రపంచ యుద్ధంలో గెరిల్లా దళం కమాండరు, తర్వాత యుగోస్లావియా అధ్యక్ష మండలి ఉపాధ్యక్షుడి దాకా వెళ్లాడు. అంటే రెండు దేశాలూ ఒకదాన్నొకటి తిట్టుకుంటుంటే సరిహద్దుకి అటొక హోజా, ఇటొక హోజా! అంతకు ముందు, ఇంటిపేరుగా కాకుండా బిరుదుగా, హోజా తహ్సీని. 19వ శతాబ్దంలో ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయానికి మొదటి అధిపతి. గాజు గంట కింద పావురాన్ని పెట్టి గాలి తోడేసి, గాలి లేకపోతే ప్రాణం నిలవదని చూపించాడట. పావురం చచ్చింది, ఈయన మతం తప్పాడని గోల చేశారు.

అసలు మతాన్నే తీసేసిన హోజా మాత్రం తర్వాత వచ్చాడు. ఇది విను. ఎన్వర్ 1967లో మసీదులు, చర్చిలు అన్నీ మూయించాడు, రెండు వేలకు పైనే. ప్రపంచంలో మొదటి నాస్తిక దేశం అని చాటాడు. మతం వాసన ఉన్న పేర్లు మార్చుకోండని జనానికి చెప్పాడు. తన ఇంటిపేరు మాత్రం ముల్లా!

ఇంకోటి నాకే తట్టింది. టర్కీ వాళ్ల 'హోజా', మన 'ఖ్వాజా' ఒక్కటే మాట, ఫార్సీది. ఎన్వర్ అంటే అన్వర్. అంటే ఆ నియంత పేరు మన భాషలో అన్వర్ ఖాజా! పాతబస్తీలో నిలబడి "అన్వర్ ఖాజా" అని కేకేస్తే నలుగురు వెనక్కి తిరుగుతారు. ఇది చెప్తే ఆయన టేబుల్ మీద చెయ్యి కొట్టి నవ్వాడు. "ఖాజా" మాట కోసం తాపేశ్వరం కాజా గురించి కూడా చెప్పబోయాను. ఇటాలియన్‌లో పాకం అనడం రాక వదిలేశా.

ఆంటీ అప్పుడు నా పక్కన కూర్చుంది. "మీ కలకత్తా ఆవిడ మా ఆవిడే, తెలుసా?" అంది. మదర్ థెరిసా ఇంటిపేరు బోయాజియు, అంటే రంగులు వేసేవాడు. ఆ "జియు"లో ఉన్నదీ మన ఖజాంచిలో, తబల్చిలో ఉన్న "చి"యేరా! ఎక్కడి టర్కీ, ఎక్కడి మన తాలూకా ఖజానా... ఆవిడ 1928లో పద్దెనిమిదేళ్లప్పుడు ఇల్లు వదిలింది. తల్లి, అక్క తర్వాత అల్బేనియా రాజధాని టిరానాలో ఉండిపోయారు. వాళ్లని బయటికి పోనివ్వలేదు, ఈవిడని లోపలికి రానివ్వలేదు. తల్లి 1972లో పోయింది. ఈవిడకి అక్కడ కాలు పెట్టనిచ్చింది 1989లో, ఎన్వర్ పోయిన నాలుగేళ్లకి. ఇప్పుడు టిరానా ఎయిర్‌పోర్టుకి ఆవిడ పేరే. ఆంటీ ఇది చెప్తూ టేబుల్ మీద బ్యూరెక్ పొరల ముక్కల్ని వేలితో ఒకచోటికి పోగేస్తూనే ఉంది. నాకు అమ్మకి ఫోన్ చేసి ఎన్ని రోజులైందా అనిపించింది. తొమ్మిది రోజులు.

వచ్చేస్తుంటే ఆయన గుమ్మం దాకా వచ్చాడు. బెరాత్ ఊరి దగ్గర కొండ మీద 1968లో రాళ్లకి తెల్లరంగు వేసి "ఎన్వర్" అని మైళ్ల దూరానికి కనబడేలా రాశారట. 2012లో ఒక కళాకారుడు మొదటి రెండు అక్షరాలూ తారుమారు చేశాడు. ఇంగ్లీషులో ఇప్పుడది "నెవర్". "నా ఇంటిపేరుకి అలాంటి ఉపాయం దొరకలేదు" అన్నాడు.

ఉత్తరాల డబ్బా దగ్గర నా పేరు చీటీ చూసి, "కొత్తపల్లి అంటే ఏమిటి?" అన్నాడు. కొత్త ఊరు అని చెప్పాను. ఆగిపోయాడు. "కతుంద్ ఇ రీ!" అన్నాడు. వాళ్ల భాషలో కొత్త ఊరు. దుర్రెస్ పక్కనే ఆ పేరుతో నిజంగా ఊరుందట. వాళ్ల అత్తగారిది దాని పక్క ఊరే. అటెండెన్స్ తీసేటప్పుడు మనల్ని అన్నదమ్ములనుకుని నా మార్కుల మెమో నీకిచ్చిన గుమాస్తా ఈ మాట వింటే బావుండును.

అప్పుడు మొహం బిగబట్టి, చాలా సీరియస్‌గా అడిగాడు: "అక్కడివాళ్లతో మీకు చుట్టరికమా?"

నేను తల ఊపాను. మన పద్ధతిలో, అటూ కాక ఇటూ కాక. ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు అవునా కాదా అని.

బస్సు పదకొండుంపావుకి, పిజ్జా వాడు రెండుసార్లు ఫోన్ చేశాడు. సామర్లకోట సంగతి రాయి, మర్చిపో

— చిన్న కొత్తపల్లి

(మర్చిపోకు అని. చూశావా, తొందర.)