అందరి తరఫున వేసే దావా సంగతి అందరికీ తెలియాలి

సంపాదకుడి గారికి,

అయ్యా,

ఒకే బిల్డరు చేతిలో ఒకే తీరుగా నష్టపోయిన ఫ్లాట్ల కొనుగోలుదారులు ఎవరికి వారు వకీలును పెట్టుకుని, ఎవరి ఫిర్యాదు వారు దాఖలు చేసి, ఏళ్ల తరబడి వినియోగదారుల కమిషన్ల చుట్టూ తిరగడం మన నగరాల్లో మామూలైపోయింది. అందరి తరఫున కొందరు వ్యాజ్యం నడిపే వీలు చట్టంలో లేకపోవడం ఇందుకు కారణం కాదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఒకటో ఆర్డరు ఎనిమిదో రూలు ఆ వీలు కల్పించింది. చెరువు నీటి మీద, బండిబాట మీద, పశువుల మేత పోరంబోకు మీద ఊళ్లో ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చి గ్రామస్థులందరి తరఫున వేసే దావాలకు ఆధారం ఈ రూలే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 35వ సెక్షన్ కూడా, కమిషన్ అనుమతి తీసుకుంటే, ఇదే పద్ధతిలో ఫిర్యాదు చేయనిస్తోంది.

షరతు ఒక్కటే కీలకం: ఎవరి తరఫున దావా వేస్తున్నారో వారందరి ప్రయోజనం ఒకటే కావాలి. అందరి వ్యాజ్యకారణమూ, అంటే దావాకు దారితీసిన ఘటన, ఒకటే కానక్కరలేదని 1976 సవరణతో చేర్చిన వివరణ చెబుతోంది. 1990లో తమిళనాడు హౌసింగ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచింది. మద్రాసులో బోర్డు ఇళ్లు పొందినవారి నుంచి బోర్డు ఆ తర్వాత అదనపు సొమ్ము అడిగింది. ఎవరి ఇల్లు వారిదైనా, ఎవరికి అందిన తాఖీదు వారిదైనా, ఆ సొమ్ము అడిగే హక్కు బోర్డుకు ఉందా లేదా అన్న ప్రశ్న అందరికీ ఒకటే కాబట్టి ఒకరు అందరి తరఫున దావా వేయవచ్చని కోర్టు తేల్చింది.

2021 డిసెంబరులో బెంగళూరు ప్రాజెక్టుకు సంబంధించిన బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో తీర్పు మరో దారిన వెళ్లింది. 1,134 ఫ్లాట్ల ప్రాజెక్టులో 51 ఫ్లాట్లకు చెందిన 91 మంది, కొనుగోలుదారులందరి తరఫున పరిహారం కోరారు. బ్లాకుకో అప్పగింత గడువు ఉండగా, ఆలస్యం కూడా అందరికీ ఒకే తీరున లేకుండగా, ప్రయోజనం ఒకటేనని ఫిర్యాదులో సరిగా చూపలేదంటూ సుప్రీంకోర్టు వారి కోరికను అంగీకరించలేదు. అయితే ఆ 91 మంది తమ మట్టుకు తాము ఉమ్మడి ఫిర్యాదుగా నడుపుకోవచ్చని వారి దారి మూసేయకుండా వదిలింది. ఈ తీర్పును చూపి అందరి తరఫున కొందరు వేసే ప్రాతినిధ్య ఫిర్యాదుల కాలం చెల్లిందనడం తొందరపాటు. అందరికీ ఉమ్మడిగా ఉన్న అంశమేమిటో ఫిర్యాదులోనే విడిగా, వివరంగా రాయాలన్నదే అందులోని హెచ్చరిక అని నా నమ్మకం.

ఇలాంటి దారి లేకపోతే ఏమవుతుందో హైదరాబాదుకు బాగా తెలుసు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడ్డాక, అమెరికాలో ఆ కంపెనీ షేర్లు కొన్నవారు అక్కడి కోర్టులో ఒక్కటిగా దావా వేసి, 2011లో 12.5 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నారు. అదే మోసంలో దాచుకున్న సొమ్ము పోగొట్టుకున్న మన చిన్న మదుపరులకు ఇక్కడ అలాంటి పరిహారం దక్కలేదు. ఆ అనుభవం తర్వాతే, కంపెనీ సభ్యులు అంటే వాటాదారులు కొందరు అందరి తరఫున వ్యాజ్యం వేసే వీలు కల్పిస్తూ 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షన్ వచ్చింది. అది అమల్లోకి రావడానికి 2016 దాకా ఆగవలసి వచ్చింది. నూరుగురు సభ్యులు కలిస్తే ఇప్పుడు కంపెనీ లా ట్రిబ్యునల్ తలుపు తట్టవచ్చు.

నా అసలు ఆందోళన నోటీసు గురించి. ఎనిమిదో రూలు కింద వచ్చే డిక్రీ, కోర్టు మెట్లెక్కని వారికి కూడా వర్తిస్తుంది. దావా ఓడిపోతే, దాని ఊసే తెలియని మనిషి సైతం అదే విషయం మీద మళ్లీ కోర్టుకు వెళ్లలేడు. అందుకే అందరికీ నోటీసు ఇవ్వాలని, నోటీసు లేకుండా దావా వదులుకోవడానికి గాని రాజీ పడడానికి గాని వీల్లేదని, ముందు నిలిచినవారు శ్రద్ధగా నడపకపోతే కోర్టు వారి స్థానంలో మరొకరిని నిలపవచ్చని రూలు కట్టుదిట్టం చేసింది. ఆచరణలో జరిగేదేమిటో పత్రికల లోపలి పుటలు చూస్తే తెలుస్తుంది. టెండర్లకు, పేరు మార్పిడి ప్రకటనలకు నడుమ, కళ్లద్దాలు పెట్టుకున్నా చదవలేనంత చిన్న అక్షరాల్లో, కోర్టు పేరు, దావా నంబరు, వాయిదా తేదీ మాత్రమే కనిపిస్తాయి. గొడవ దేని మీదో, తీర్పు చదువరికి కూడా వర్తిస్తుందో లేదో అందులో ఉండదు. కోర్టు కార్యాలయంలో ఉద్యోగం చేసినవాడిగా అలాంటి ప్రకటనలు ఫైళ్లలో అతికించడం చూశాను. వాటిని చదివి కోర్టుకు వచ్చిన మనిషి మాత్రం అరుదు.

బిల్డరు దగ్గర ప్రతి కొనుగోలుదారుడి ఫోన్ నంబరూ ఉంటుంది. కంపెనీ దగ్గర ప్రతి వాటాదారుడి ఈమెయిలూ ఉంటుంది. ఆ జాబితాను ప్రతివాది నుంచి తెప్పించి, దావా దేని గురించో, తీర్పు ఎవరికి వర్తిస్తుందో, అభ్యంతరం ఉంటే ఏ తేదీలోగా ఎవరికి చెప్పాలో తేట తెలుగులో నేరుగా వారి ఫోన్లకే పంపమని కోర్టులు, కమిషన్లు ఆదేశించాలి. పత్రికా ప్రకటన దానికి తోడుగా ఉండాలే గాని దాని బదులు కాకూడదు. అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది కూడా మొదటి వాయిదాల్లోనే తేల్చాలి. ఏళ్లు గడిచాక 'ప్రయోజనం ఒకటి కాదు' అని కొట్టేస్తే, విడివిడిగా వెళ్లాలనుకున్నవారికి కాలపరిమితి, అంటే ఫిర్యాదుకు చట్టం పెట్టిన గడువు, చిక్కు వచ్చి పడుతుంది.

ఇక ఖర్చు మాట. నోటీసు ఖర్చు వాదే భరించాలని రూలు చెబుతోంది. జీతం రాళ్లలో సగం బ్యాంకు కిస్తీకి, సగం ఇంటి అద్దెకు పోసే కుటుంబాలు వందల మందికి ప్రకటనల ఖర్చు ఎక్కడి నుంచి తెస్తాయి? వినియోగదారుల సంక్షేమ నిధి నుంచి వ్యాజ్య ఖర్చులు తిరిగి ఇచ్చే వీలు నిబంధనల్లో ఉన్నా, అది కేసు పూర్తిగా తేలాకే. కమిషన్ అనుమతి ఇచ్చిన వెంటనే నోటీసు ఖర్చు మేరకు ఆ నిధి నుంచి ముందుగానే సొమ్ము విడుదల చేసి, ఫిర్యాదుదారులు గెలిస్తే దాన్ని ప్రతివాది నుంచి రాబట్టుకునేలా కేంద్ర ప్రభుత్వం నిబంధన సవరించాలని, ఈ విషయాన్ని మన రెండు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులు సభలో లేవనెత్తాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
తెనాలి