పవర్ సప్లై గుంయ్‌మంటోందన్న అమ్మాయికి

చిట్టితల్లీ,

లెక్కలు ఫోన్లో చెప్తే సగం గాలికి పోతాయి, అందుకే రాస్తున్నాను. లోడు లేనప్పుడు మల్టీమీటరు సరిగ్గా 12 వోల్టులు చూపిస్తోంది, ఆంప్లిఫయర్ తగిలించగానే గుంయ్‌మంటోంది అన్నావు. వోల్టేజిని 12 దగ్గర నిలబెట్టే రెగ్యులేటర్ 7812 పోయిందనుకుని ఇంకోటి కొన్నావట కూడా. పాపం, దాని తప్పేం లేదు. దానికి వెనకనుంచి అందాల్సింది అందడం లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ 230ని 12కి దించుతుంది. అది ఆర్‌ఎంఎస్ విలువ, అంటే ఏసీకి లెక్కగట్టే ఒకరకం సగటు. అల శిఖరం దానికి 1.414 రెట్లు, అంటే 17 దాకా వెళ్తుంది. ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్ల బ్రిడ్జిలో ఎప్పుడు చూసినా కరెంటు రెండు డయోడ్లు దాటాలి. ఒక్కోటీ 0.7 వోల్టు తినేస్తే మిగిలేది 15.5. బ్రిడ్జి సంగతి ఇంతే, మిగతాది మీ సార్లు బోర్డు నిండా గీసే ఉంటారు.

అసలు తంటా బ్రిడ్జి తర్వాత ఛార్జి నిల్వ చేసే కెపాసిటర్ దగ్గరుంది. బ్రిడ్జి దాటిన అల సెకనుకు 100 సార్లు లేచి పడుతుంది. శిఖరానికీ శిఖరానికీ మధ్య 10 మిల్లీసెకన్లు. అందులో చాలాసేపు డయోడ్లు మూసుకునే ఉంటాయి, ఆంప్లిఫయర్‌ను మోసేది కెపాసిటర్ ఒక్కటే. నువ్వు పెట్టింది 1000 మైక్రోఫారడ్లు. అర ఆంపియర్ లాగితే ఎంత పడుతుంది? కరెంటు × సమయం ÷ కెపాసిటర్ విలువ, అంటే 0.5 × 0.01 ÷ 0.001. అయిదు వోల్టులు! 15.5 కాస్తా 10.5కి దిగిపోతుంది. నిజానికి కొంచెం తక్కువే పడుతుందిలే, 10 మిల్లీసెకన్లు నిండకముందే డయోడ్లు మళ్ళీ తెరుచుకుంటాయి. డిజైనుకు మాత్రం ఈ లెక్కే వేసుకో. 7812 లోపలికి కనీసం 14 ఉంటేనే బయటికి 12 వస్తుంది. అది చాలక అవుట్‌పుట్ కూడా సెకనుకు 100 సార్లు కుంగుతోంది. నీకు వినిపిస్తున్నది అదే. మీటరు చూపించేది సగటు కాబట్టి లోడు మీద కూడా ఈ గుంటలు దానికి అందవు.

ల్యాబ్‌లో సీఆర్‌ఓ (అలను తెర మీద గీసి చూపించే పరికరం) ఖాళీగా ఉన్నప్పుడు, లోడు తీయకుండా 7812 ఇన్‌పుట్ కాలు దగ్గర ప్రోబ్ పెట్టి చూడు. రంపపు పళ్ళు కనిపిస్తాయి. పంటికీ పంటికీ మధ్య 10 మిల్లీసెకన్లుంటే బ్రిడ్జి బాగున్నట్టే. 20 ఉందంటే ఏదో డయోడ్ ఓపెన్ అయింది, అంటే లోపల తెగిపోయింది, లేదా దాని కాలికి సోల్డర్ సరిగా అంటలేదు. అలాగైతే ముందు అది సరిచెయ్యి.

4700 పెడితే పడేది ఒక వోల్టే, ఎలాగో గట్టెక్కుతావు. కానీ లైన్లో వోల్టేజి 210కి పడిందంటే మళ్ళీ మొదటికే. పైగా కెపాసిటర్ పెంచుకుంటూ పోతే స్విచ్ వేసిన క్షణంలో డయోడ్ల మీద భారం ఎక్కువ. నన్నడిగితే 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, 2200 మైక్రోఫారడ్లు. అప్పుడు 7812 మీద మూడు వాట్లకు పైగా వేడి పుడుతుంది కనుక ఆ వేడిని లాగేసే లోహపు రెక్క, హీట్‌సింక్, తప్పనిసరి. కెపాసిటర్ 35 వోల్టులది తీసుకో. 25ది వద్దు, లోడు లేనప్పుడు, లైన్లో వోల్టేజి పెరిగినప్పుడు అంచుకి వచ్చేస్తుంది. గీత ఉన్న వైపు నెగటివ్, తిరగేస్తే పేలుతుంది.

230 వైపు ఫ్యూజ్ వెయ్యకుండా, వైర్లకు స్లీవు తొడక్కుండా ప్లగ్గు పెట్టకు. ట్రాన్స్‌ఫార్మర్ శనివారం మీ బాబాయితో పంపిస్తున్నాను, హాస్టల్ గేటు దగ్గర తీసుకో. అమ్మ పచ్చడి కూడా అందులోనే ఉంటుంది, సంచి నిలువుగా పట్టుకో.

మీ నాన్న